మత్తడి దగ్గర కోసిన వల

ఈ ప్రయాణం ఒక ఫోన్‌తో మొదలైంది. తొంభైల మొదట్లో నేను హైదరాబాద్ దగ్గర ఒక చేపపిల్లల పెంపక కేంద్రంలో పనిచేసేదాన్ని. మా పెద్దమ్మ కూతురు బాలమణక్క మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతగాళ్ల పేటలో ఉండేది. ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది, బావ సిద్ధయ్య పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు. మగ్గాలకు కరెంటు సరిగా అందని రోజులవి. బావ, మరో ఐదుగురు నేతగాళ్లు కలిసి ఊరి బయట, అక్కడ తలావ్ అని పిలిచే చిన్న చెరువులో చేపలు పెంచుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. బొచ్చె, రోహు పిల్లలను పంపింది నేనే. వానాకాలంలో నీళ్లు పొంగితే చేపలు కొట్టుకుపోకుండా అలుగుకు అడ్డంగా వల కట్టమని ఉత్తరం రాసిందీ నేనే. సెప్టెంబరులో ఒక సాయంత్రం అక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

"చెల్లె, మూడొద్దుల సంది వాన ఆగుతలేదు. మీ బావ తలావ్ కాడనే ఉంటుండు, ఇంటికొస్తలేడు. నువ్వు చెప్తెనే వింటడు, జెర రావే."

మర్నాడు పొద్దున ఆరింటి రైలెక్కాను. వాడి, గుల్బర్గా మీదుగా సుమారు ఏడు గంటల ప్రయాణం. రెండో తరగతి టికెట్టు అప్పట్లో అరవై రూపాయల లోపే. గుల్బర్గా దాటిన దగ్గర్నుంచి కిటికీలోంచి చూస్తే జొన్నచేలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఎప్పుడూ చూడని చెరువుకు ఆఫీసులో కూర్చుని సలహా రాశానే అని దారంతా అనుకుంటూనే ఉన్నాను. స్టేషన్ బయట ఆటో అతను అక్కవాళ్ల పేట కుంఠా నాకాకు పది రూపాయలు అడిగాడు. నా తెలుగు విని వెనక్కి తిరిగాడు.

"ఎవరింటికి పోవాలె అక్కా?"

"సిద్ధయ్య అని, చద్దర్లు నేస్తడు."

"చేపల సిద్ధయ్యనా? తలావ్ ఫుల్ నిండిందంట. జల్దీ కూసో."

చద్దర్ల కోసం సోలాపూర్ వెళ్లేవాళ్లు కుంఠా నాకా సందుల్లో ఒక గంటైనా తిరగాలి. గోడల వెనక నుంచి వచ్చే మగ్గాల మోతకు పక్కమనిషి మాట వినిపించదు. ఆ రోజు మాత్రం కరెంటు లేదు, సందులన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. అక్క బీడీ ఆకుల చేట ముందేసుకుని ఊరికే కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టింది. నేను రొట్టె పక్కన పెట్టి, ముందు చెరువు దగ్గరికి పోదామన్నాను. బావకని నాలుగు రొట్టెలు బట్టలో కట్టుకుని తనూ బయలుదేరింది. చెరువు పన్నెండు కిలోమీటర్ల దూరం. అక్కడి ప్రభుత్వ ఎస్టీ బస్సులు ఆగిపోయాయి కాబట్టి బయట ఆగి ఉన్న అదే ఆటోలో, రానూపోనూ నలభై రూపాయలకు మాట్లాడుకుని వెళ్లాం.

మూడు గంటలకు కట్ట ఎక్కాం. అలుగును మావాళ్లు మత్తడి అంటారు. అది ఈ చివర నుంచి ఆ చివర దాకా దుంకుతోంది. దాని మీద కర్రలు పాతి కట్టిన వల నీటి ఒత్తిడికి విల్లులా వంగి ఉంది. మగ్గం మీద తెగిన పడుగు దారాలను అతికిన వేళ్లతో ఆ ఆరుగురూ వేసవంతా ముడులేసిన వల అది. పారే నీటి వెంట వచ్చిన చేపలు దానికి కొట్టుకుంటున్నాయి. మోచేతి పొడవు బొచ్చెలు, పొలుసులు ఊడి, తెల్లగా వెల్లకిలా పడుతున్నాయి. చేపలను చూస్తూ అసలు సంగతి నేను ఆలస్యంగా గమనించాను. జొన్నచొప్ప, తుమ్మకొమ్మలు, గుర్రపుడెక్క వచ్చి వలకు అంటుకుని గోడలా పేరుకుపోయాయి. నీళ్లకు దారి లేక మట్టం పెరుగుతోంది. కట్ట వెనక వాలు తడిసి, ఒకచోట బురదనీరు ఊరుతోంది. కట్ట తెగితే కింద ఇరవై ఇళ్ల పల్లె ఉంది.

కట్ట కాపలా ఉండే మరాఠీ ముసలాయన అరుస్తూనే ఉన్నాడు, "జాళీ కాఢా! జాళీ కాఢా!" వల తీసెయ్యండి అని. బావ వినడం లేదు. నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది.

"వచ్చినవా పిల్లా! చూడు, నువ్వు చెప్పినట్లే కట్టినం. ఒక్కటి పోనియ్యలే."

నేను వలకు పేరుకున్న చెత్త చూపించాను. "బావా, నేను తప్పు రాసిన. ఇంత చెత్త వస్తదని నాకు తెల్వదు. వల కోసెయ్యి."

"ఏందే? రెండేండ్లు పెంచినం. కొయ్యుమంటే చెయ్యెట్లొస్తది?"

అప్పుడు అక్క కట్ట వెనక్కి చెయ్యి చూపించింది. "అగో, ఆ ఇంటి ముంగట పసిపిల్ల ఆడుకుంటుంది. చూడు ఒక్కసారి."

బావ చూశాడు. నడుముకు తాడు కట్టుకుని, కొడవలి పట్టుకుని మత్తడి మీదికి దిగాడు. తాడు రెండో కొస ఐదుగురు పట్టుకున్నారు. కర్రకో తాడు కోస్తూ పోయి, నాలుగో కర్ర దగ్గర కాలు జారి నడుము దాకా మునిగాడు. అక్క కేక పెట్టింది. వాళ్లు లాగి నిలబెట్టారు. ఆయన మళ్లీ వంగి చివరి తాడు కోశాడు. చొప్ప, కొమ్మలు, చేపలు, వల అన్నీ ఒక్కసారిగా కిందికి దూకాయి. కింద పల్లెవాళ్లు పంచెలు, గంపలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. బావ ఒడ్డున కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. అరగంటకు మట్టం జానెడు తగ్గింది. మసక పడే లోపు ఊట సన్నగిల్లింది. ఆ తర్వాతే ఆయన రొట్టె ముట్టాడు.

వాన ఆగిన వారానికి పొలాల గుంటల్లో చిక్కిన చేపలు నీళ్లింకి చచ్చాయని, నాలుగు రోజులు వాసన భరించలేకపోయారని అక్క రాసింది. వేసవిలో వల లాగితే బొచ్చెలు కొన్నే వచ్చాయట. వరదతో ఎక్కడినుంచో చేరిన కొర్రమీనులు మిగిలిన చిన్న చేపలను మింగేశాయి. మరుసటి ఏడు నేను ఉత్తరం రాయలేదు, స్వయంగా వెళ్లాను. మత్తడి దుంకడం ఆగాక, వేలెడంత కాకుండా, కొర్రమీనులు మింగలేని జానెడు పిల్లలను వదిలాం. అవి నిలబడ్డాయి. బావ నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. నీళ్ల గురించి చాలా చదివాను కానీ, ఆ నీళ్ల పక్కన బతికేవాళ్లను ముందు అడగాలని మాత్రం అక్కడే నేర్చుకున్నాను.

మీరు సోలాపూర్ వైపు వానాకాలంలో వెళ్లి చెరువులు చూడాలనుకుంటే ఒక్క మాట: పొద్దున్నే వెళ్లండి, అలుగు మీదికి దిగకండి, కట్ట కాపలా మనిషి వెనక్కి రమ్మంటే కారణం అడగకుండా వచ్చెయ్యండి.