నాలుగు ఉన్ని చెడ్డీలు

మనవరాలికి మూడో నెల నడుస్తుండగా మా అమ్మాయి పొట్టంగి నుంచి ఫోన్ చేసింది. పాపకి తొడల సందున ఎర్రగా ఒరుసుకుపోయిందట. కొన్న డైపర్లు కొన్నాళ్ళు మానెయ్యమని ఆసుపత్రిలో నర్సు చెప్పిందట. ఉత్త గుడ్డ కడితే ఆ కొండల చలికి పక్కంతా తడిసి పిల్ల వణికిపోతోంది.

"గుడ్డ మీద తొడగడానికి ఉన్ని చెడ్డీలుంటాయటమ్మా. తడి పైకి రాదట, గాలీ ఆడతాదట. నువ్వు అల్లగలవు గదా," అంది.

నాకు అల్లిక తప్ప మరో విద్య రాదు. రాయగడలో మా వీధి పిల్లలు బడికి వేసుకెళ్ళే స్వెట్టర్లలో సగం నా చేతివే. మా ఆయన మునిసిపాలిటీ నీళ్ళ పంపు దగ్గర పనిచేసేవారు. నాలుగేళ్ళ కిందట డ్యూటీలోనే గుండె ఆగి పోయారు. ఆ తరవాత నా పొట్ట గడిచింది సూదుల మీదే. అమ్మాయి అత్తవారిది మాకన్నా కాస్త కలిగిన ఇల్లు. పెళ్ళయ్యాక అది నన్ను ఫలానాది చేసిపెట్టమని అడగడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక చాలాసేపు సంతోషంగా తిరిగాను.

మర్నాడే ఎప్పుడూ దారం కొనే కొట్టుకి వెళ్ళాను. ఒడియా కొట్టాయన పసిబిడ్డ బొమ్మ అంటించిన దారపు ఉండలు ముందు పడేశాడు.

"బేబీ ఊల్, మావుసీ. పసిపిల్లల ఉన్ని. దీన్ని మించింది లేదు."

అగ్గిపెట్టె అడిగి, జానెడు దారం తెంపి అంటించాను. ముడుచుకుపోయి, చివర నల్లటి పూసలా గట్టిపడింది. అసలు ఉన్ని కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. ఇది ప్లాస్టిక్. ఆ మాటే అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "అసలు ఉన్ని తెస్తే ఎవరు కొంటారు? ఇన్నేళ్ళలో మీరే ఒక్కసారి అడగలేదు," అన్నాడు. అది నిజం. ఎవరి పిల్లలకో అల్లినప్పుడు నేనూ చవకదే కొన్నాను.

రైలెక్కి కొరాపుట్ వెళ్ళాను. అక్కడ పెద్ద కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి కంబళ్ళు నేసే గొర్రె ఉన్ని. నా చేతులు గరుకు తేలిపోయాయి కనక వాటి మాట నేను నమ్మను. మెత్తదనం చూడాలంటే దారాన్ని గడ్డం కింద, మెడ మీద ఆనించుకుంటాను. గొర్రె ఉన్ని మెడ మీద చీపురు పుల్లలా గుచ్చుకుంది. రెండోది ఎక్కడో చలిదేశపు గొర్రెలదట. మెడకి తగిలినట్టే లేదు. ధర విన్నాక ఇంకోసారి ముట్టుకోకుండా తిరిగి ఇచ్చేశాను. ఒక చెడ్డీ తడిస్తే ఆ మంచులో ఆరడానికి రోజున్నర పడుతుంది. నాలుగైనా లేకపోతే లాభం లేదు. నాలుగింటికి సరిపడా ఆ ఉన్ని కొనే స్తోమత నాకు లేదు.

బస్టాండు పక్కన, చలికాలం స్వెట్టర్లమ్మడానికి వచ్చే టిబెట్ వాళ్ళ దుకాణాలున్నాయి. అక్కడ ఒక ముసలామెని విడి ఉన్ని ఉందా అని హిందీలో అడిగాను. దేనికని అడిగింది. చెప్పాను.

"కొత్తది కొనకు. ఇంట్లో పాత ఉన్ని బట్ట ఉంటే విప్పు. ఏళ్ళ తరబడి తొడిగి ఉతికిన ఉన్ని కంటే మెత్తనిది ఎవరి దగ్గరా దొరకదు," అందామె.

మా ఇంట్లో అసలు ఉన్ని బట్ట ఒక్కటే ఉంది. పెళ్ళైన ఏడాది మా ఆయన ఉన్ని తెచ్చిస్తే నేను అల్లిన స్వెట్టరు. బూడిద రంగుది. తెల్లవారకట్ల పంపు తిప్పడానికి వెళ్ళేటప్పుడు ప్రతి చలికాలం అదే వేసుకునేవారు. మోచేతుల దగ్గర నేనే రెండుసార్లు కలిపి అల్లాను. ఆయన పోయాక మిగిలిన బట్టలన్నీ ఇచ్చేశాను గానీ దాన్ని కలరా ఉండలు వేసి పెట్లో దాచుకున్నాను. మెడ మీద ఆనించుకుని చూశాను. ముసలామె చెప్పింది నిజమే.

రెండు రోజులు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మెడ దగ్గర ముడి విప్పాను. దారం వంకర్లు తిరిగి ఊడి వచ్చింది. పొడుగాటి చుట్టలుగా, చిలపలుగా చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కింద చెంబు కట్టి వేలాడదీస్తే సాపు అయింది. కలరా ఉండల వాసన పోయేదాకా ఎండలో ఉంచాను. పదిహేను రోజుల్లో నాలుగు చెడ్డీలు అల్లాను. పాలిచ్చే తల్లులు రాసుకునే లేపనం మందుల కొట్లో అడిగి తెచ్చాను. అది ఉన్ని నుంచి తీసిన జిడ్డే. కాస్త సబ్బు కలిపిన వేడినీళ్ళలో కరిగించి, చల్లారాక చెడ్డీలు అందులో ముంచి ఆరబెట్టాను. తరవాత పైన నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోయాయి. ఇన్నేళ్ళ అల్లికలో అంత బాగా కుదిరిన పని లేదు.

నేను పొట్టంగి చేరేసరికి అమ్మాయి పాపకి నూనె రాస్తోంది. గుడ్డ కట్టి, చెడ్డీ తొడిగి చూసింది. పాప కాళ్ళు ఆడించింది.

"ఎంత మెత్తగున్నాదో. ఎక్కడ దొరికినాదమ్మా ఈ ఉన్ని?"

కొరాపుట్‌లో కొన్నానంటే సరిపోయేది. నాకు గర్వంగా ఉంది. దానికీ సంతోషం కలుగుతుందనుకున్నాను.

"మీ నాన్న స్వెట్టరు విప్పేనమ్మి," అన్నాను.

దాని అత్తగారు గుమ్మంలోనే బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి లేచింది.

"పోయినోడి బట్ట పసిగుడ్డుకి తొడుగుతారేటి వదినా? నీకు తెలవదేటి?"

"శుభ్రంగా ఉతికేను వదినా. ఆయన తాతే గదా," అన్నాను.

"తాతైతే మాత్రం ఏటి? మా ఇంట్లో ఇలాటివి కుదరవు. తియ్యమ్మీ, ముందది తియ్యి."

అమ్మాయి నా వైపు చూడలేదు. చెడ్డీ లాగేసి, నాలుగూ కలిపి సంచిలో పెట్టి నా పక్కన ఉంచింది. అత్తగారు పెరట్లోకి వెళ్ళాక నెమ్మదిగా అంది:

"ఎందుకు సెప్పేవమ్మా? అడిగితే మాత్రం సెప్పేయడమేనా?"

వాళ్ళ నాన్న గురించి ఒక్క మాట అనలేదు. ఆ స్వెట్టరు పట్టుకుని ఊగుతూ నడక నేర్చుకున్న పిల్ల అది. భోజనం చేసి వెళ్ళమన్నారు. బస్సు ఉండదని చెప్పి సంచీ తీసుకుని వచ్చేశాను.

నెల తిరక్కుండా మళ్ళీ ఫోన్ వచ్చింది. అత్తగారు సాలూరు వెళ్ళిందట, వారం దాకా రాదట. పాపకి మళ్ళీ ఒరుపు పట్టి, చర్మం లేచిపోయి రసి కారుతోందట. వెనకాల పాప ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది.

"అమ్మా, ఆ మెత్తటివి ఉన్నాయా? ఎవరి సేతైనా పంపు. అత్త వచ్చేలోపు తీసేస్తాను."

సంచి నా ఎదురుగా మంచం కోడుకి వేలాడుతోంది. తీసేస్తాను అన్న మాట చెవిలో పడింది. దొంగతనంగా తొడిగి, దొంగతనంగా తీసెయ్యాల్సిన బట్టా అది అనుకున్నాను. ఒళ్ళు మండింది.

"లేవమ్మి. ఇచ్చేసేను."

"ఎవరికి?"

"ఎవరికైతే ఏటి, ఇచ్చేసేను."

పాప ఏడుపొక్కటే వచ్చింది. తరవాత, సరేలే అమ్మా, అని పెట్టేసింది. నేనే మళ్ళీ ఫోన్ చేసి, ఉన్నాయని చెప్పొచ్చు. ఒక గంట ఆగి చేద్దామనుకున్నాను, సాయంత్రం చేద్దామనుకున్నాను. మర్నాడు పొట్టంగి బస్సూ ఉంది. వెళ్ళలేదు. అది మళ్ళీ అడిగితే ఇద్దామని కూర్చున్నాను. అది అడగలేదు.

రెండు నెలలకి పాపకి అన్నప్రాశన చేస్తూ పిలిచారు. స్నానం చేయించడానికి నా చేతికిచ్చారు. తొడల సందున మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి. మందు రాశాక తగ్గిందిగానీ పది రోజులు కంటి మీద కునుకు లేదని అమ్మాయి చెప్పింది. నా మీద కోపంగా లేదు. ఆ విషయం మరిచిపోయినట్టే ఉంది. నేను పాపని తుడిచి, కొన్న డైపరు తొడిగి, అమ్మాయి చేతికిచ్చాను. చెడ్డీలు పాపకి ఇక పట్టవని ఎత్తుకున్నప్పుడే తెలిసింది.