కండక్టరు గారింటి మేకపిల్ల

తెల్లవారి అయిదున్నరకు మా విచారణలో, అంటే మా చర్చి కిందికొచ్చే ఇళ్ళలో, రెండు వందల పైచిలుకు ఫోన్లలో ఒకే గొంతు మోగుతుంది.

"పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున, ఆమెన్. అందరికీ వందనాలండి. కాస్త ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది."

అది కృపానందం గారి గొంతు. తిరువూరు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఖాళీ ఉన్నది బస్సులో కాదు, మన మనసులో అని ఆయన భావం. కానీ ఆ మాట వినగానే మంచం మీద పడుకున్నవాళ్ళు కూడా తెలియకుండానే కాస్త పక్కకు జరుగుతారు. మా ఇంట్లోనూ అంతే.

ఉద్యోగంలో ఉన్నప్పుడే ఈ అలవాటు మొదలైంది. పెనుగొలను వైపు వెళ్ళే మొదటి బస్సులో టికెట్లు కొట్టడం అయిపోయాక, డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ రోజు ఏ పునీతుల పండుగో చెప్పేవారు. ఎక్కినవాళ్ళలో మన గుడికి వచ్చేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. అయినా ఎవరూ వద్దనలేదు. ఒకసారి ఒక పెద్దాయన మెట్టు మీద కాలు పెట్టి, "సార్, ఆ ముసలి బిషప్పు గారిని సింహాలు తిన్నాయో లేదో చెప్పండి, దిగిపోతా" అని పట్టుబట్టాడట. పాపం తిన్నాయని తెలిసేదాకా బస్సు కదల్లేదు.

రిటైరయ్యాక ఆ అయిదు నిమిషాలూ ఫోన్లో గుడి గ్రూపులోకి వచ్చాయి. ముందు పునీతుల కథ, తరవాత ఆ రోజు పూజలో చదివే బైబిలు పఠనం, చివర్లో 'దంపతుల మాట'. ఆయనకు పేరు తెచ్చిందీ, మా ఊరి మగవాళ్ళను భయపెట్టిందీ ఆ చివరిదే. "ఇవాళ మీ ఆవిడ అడక్కముందే కూర బాగుందని చెప్పండి" అన్నారు ఒకరోజు. గాయక బృందంలో తబలా కొట్టే ప్రభుదాసు ఆ మాట బుద్ధిగా పాటించాడు. గుడి నుంచి ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే, "కూర అద్భుతంగా ఉందే!" అన్నాడు. "ఇంకా పొయ్యి మీద పెట్టలేదు" అందట ఆవిడ.

కృపానందం గారి భార్య ప్రేమావతి గారు మాత్రం ఎప్పుడూ తెర వెనకే. ఆమెది వినగడప. అక్కడే ఏడో తరగతి దాకా చదివి, పెళ్ళయి తిరువూరు వచ్చారు. వరండాలో కుట్టు మిషను, గోడకు మరియతల్లి పటం, మధ్యలో ఆమె. పెళ్ళికి సిద్ధపడే జంటలకు గుడిలో ఏటా ఒక తరగతి జరుగుతుంది. ఇద్దరూ కలిసి వచ్చి మాట్లాడమని ఫాదర్ గారు ఆరేళ్ళుగా అడుగుతున్నారు. ప్రతిసారీ ఆమె, "బస్సుకు ఇద్దరు కండక్టర్లెందుకు ఫాదర్?" అని నవ్వేసి ఊరుకునేవారు.

ఈ ఏడాది జూన్‌లో ఒప్పుకున్నారు. కృపానందం గారికి కుడి కంటికి శుక్లం ఆపరేషనయింది. ఎడమ కంట్లోనూ పొర ముదిరింది. నల్లద్దాలు పెట్టుకుని మంచం దగ్గర నుంచి కుర్చీ దాకా తడుముకుంటూ నడుస్తున్నారు. "ఆదివారం తరగతికి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకురావాలి కదా. ఎలాగూ వస్తున్నా, పక్కనే కూర్చుంటాలెండి" అన్నారు ప్రేమావతి గారు.

ఆ ఒక్క మాటకు కృపానందం గారు పెళ్ళికొడుకైపోయారు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు కంటి డాక్టరుకు చెప్పారు. మందుల షాపు భాస్కరరావుకు చెప్పారు. బస్టాండు నుంచి ఇంటికి తెచ్చిన ఆటో అల్తాఫ్‌కూ చెప్పారు. ఆపరేషనయిన కన్ను అదరకూడదని అల్తాఫ్ ఎంత నెమ్మదిగా నడిపాడంటే, మామిడికాయల లోడు లారీలు వెనక వరసకట్టి ఒకటే హారన్లు. "మా ఆవిడ ఆదివారం నా పక్కన కూర్చుంటోందయ్యా!" అని ఆ హారన్ల మీదుగా కేక వేశారు ఈయన. నలభై ఏళ్ళుగా పక్కనే ఉన్న మనిషే కదా అని అల్తాఫ్ ఆశ్చర్యపోయాడు.

ఆపరేషనయిన నాటి నుంచి ప్రేమావతి గారే ఫోను పట్టుకుంటున్నారు. మైకు బొమ్మ నొక్కి పైకి తోస్తే రికార్డింగు దానంతట అదే నడుస్తుంది. ముందు ఈయన పునీతుల కథ చెబుతారు, తరవాత ఆమె పఠనం చదువుతారు, చివర్లో దంపతుల మాట మళ్ళీ ఈయనది.

మంగళవారం పొద్దున్న ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. ఆమె మైకు నొక్కారు. ఈయన గొంతు సవరించుకున్నారు.

"ఇవాళ పునీత నోర్బర్టు గారి పండుగండి. ఆయన ఒకరోజు గుర్రమెక్కి వెళుతున్నారు. ఇంతలో మబ్బు పట్టింది. ఒక్కసారిగా పిడుగు..."

"మే..." అంది పెరట్లోంచి ఒక గొంతు.

"ప్రేమా, అదేంటి?"

"మేకపిల్ల."

"మనింట్లో మేకపిల్లేంటి?"

"నిన్న సాయంత్రం ఖతీజాబీ ఇచ్చిందండీ. మనవరాలు ఆసిమా పెళ్ళిబట్టలు కుట్టానుగా."

"కుట్టుకూలి ఇచ్చేసిందన్నావుగా?"

"కూలి కాదు, పైన. ముచ్చటపడి ఇచ్చింది. మీరు చుక్కలేసుకుని పడుకున్నారు, పొద్దున్నే చెబుదామని..."

"జాకెట్లు కుడితే మేకలిస్తారా ఎవరన్నా? ఇది పక్కింటి నాగేశ్వరమ్మ మేకే, గోడ దూకి వచ్చుంటది. తాడు విప్పి పంపించెయ్. పరాయి సొత్తు మనకొద్దు."

ప్రేమావతి గారి గొంతు చాలా నెమ్మదిగా లేచింది.

"పరాయి సొత్తా? నలభై ఏళ్ళనుంచి జానెడు గుడ్డముక్క మిగిలినా మడతపెట్టి తిరిగిచ్చినదాన్ని నేను. పునీతులందరి పేర్లూ మీకు నోటికొచ్చు. ఊళ్ళో మొగుళ్ళందరికీ బుద్ధులు చెప్తారు. ఇంట్లో మనిషి ఎలాంటిదో మాత్రం తెలీదు!"

గోడ అవతల నుంచి నాగేశ్వరమ్మ అందుకుంది. "అన్నయ్యగారూ, నా మేకలు ఆరూ నా దగ్గరే ఉన్నాయండి!"

"మే..." అంది ఏడోది.

ప్రేమావతి గారు విసురుగా ఫోను ఆపేశారు. ఆపేశాననే అనుకున్నారు. వేలు నొక్కింది మాత్రం పంపే బాణం గుర్తును.

ఎంత కోపం వచ్చినా పఠనం మానే మనిషి కాదు ఆమె. పుస్తకం తెరిచి, ఒక్కో మాటా రాయి విసిరినట్టు చదవడం మొదలుపెట్టారు. ఆ రోజు పఠనం తోబీతు గారిది. భక్తిపరుడే, కానీ చూపు పోయి మూలన పడ్డాడు. ఆయన భార్య, అన్నా అనే ఆవిడ, బట్టలు నేసి ఇల్లు నడుపుతోంది. పని ఇచ్చినవాళ్ళు ఒకరోజు కూలితోపాటు ఆమెకు ఒక మేకపిల్లను కూడా ఇచ్చారు. ఇంట్లో దాని అరుపు విని తోబీతు, అది దొంగ సొత్తేమో తిరిగిచ్చెయ్యమని...

"ఆగు. అది నిజంగా అక్కడుందా? నువ్వు కలుపుతున్నావా?" అన్నారు కృపానందం గారు.

"కలపడానికి ఇదేమన్నా పులుసన్నమా? ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో చెప్పారుగా, మీకు తెలీదా?"

తెలుసు. తెలిసీ, తన పెరట్లోకి వచ్చేసరికి గుర్తు పట్టలేదు. ఆయన ముఖం వాడిపోయింది. ఏదో అనబోయారు. ఇంతలో ఫోను టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆ తరవాత ఇక ఆగలేదు.

ఎందుకంటే పొద్దున్నే పఠనం చూసుకునే అలవాటున్న మా అందరికీ ఒకటే అర్థమైంది. దంపతులిద్దరూ కలిసి తోబీతు గారి కథను నాటకం వేశారు! 'ప్రేమావతక్క కోపం ఎంత సహజంగా ఉందో!' అని ఒకరు. 'గోడ అవతల పాత్ర ఎవరండీ?' అని ఇంకొకరు. ప్రభుదాసయితే మేక గొంతు తానెంత ప్రయత్నించినా అంత బాగా రాదని ఒప్పుకున్నాడు. చివరికి ఫాదర్ గారే ఫోను చేశారు.

"అద్భుతం కృపానందం గారూ! మేకపిల్లను కూడా తెచ్చారా! ఆదివారం జంటల ముందు ఇదే వెయ్యాలి."

కృపానందం గారు నల్లద్దాలు సర్దుకున్నారు. "ఆఁ... ఏదో ఫాదర్... దేవుడి దయ" అన్నారు.

ప్రేమావతి గారు ఆ మాట విన్నారు. "బాగుంది. నాటకమే అనుకోనివ్వండి. ఆదివారం ఇద్దరి వేషాలూ మీరే వెయ్యండి. నేను రాను" అని మిషను ముందు కూర్చున్నారు.

ఆ రోజంతా ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గంట గంటకూ కంటి చుక్కలు మాత్రం టయానికి పడ్డాయి. అంత కోపంలోనూ ఒక్క చుక్క చెంప మీద పడలేదు. ఆ సంగతి తరవాత ఆయనే నాతో చెప్పారు, చెబుతూ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఖతీజాబీ వచ్చింది. మేకపిల్ల మెడలో కట్టే చిన్న గంట ఇవ్వడం మరిచిపోయిందట. ప్రేమావతి గారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, కృపానందం గారు జరిగిందంతా చెప్పి, క్షమించమన్నారు. ఖతీజాబీ ముందు కడుపు పట్టుకుని నవ్వింది. తరవాత గంట ఆయన చేతిలో పెట్టింది.

"నాకెందుకు చెప్తున్నావు బాబూ? నువ్వు అనుమానించింది నన్ను కాదుగా. ఎంతమంది విన్నారో అంతమందికీ చెప్పు. అప్పుడు ప్రేమమ్మ వింటుంది."

బుధవారం ఇంకా ఎండ రాకముందే, ప్రేమావతి గారు కొళాయి దగ్గర ఉండగా, కృపానందం గారు ఫోను చేతిలోకి తీసుకున్నారు. అద్దాల వెనక అంతా మసక. వేలికి తగిలింది నొక్కారు. అందరికీ ఫ్యాను ఫొటో వచ్చింది. మళ్ళీ నొక్కారు. "ప్రభువా, ఏది నొక్కాలి?" అనే ప్రార్థన వచ్చింది. మూడోసారి నొక్కి, ఎందుకైనా మంచిదని గట్టిగా మొదలుపెట్టారు.

"అందరికీ వందనాలండి. నిన్న మీరు విన్నది నాటకం కాదు. మా ఇంటి పోట్లాట. మా ఆవిడను నేను అడగకూడని మాట అడిగాను. మేకపిల్లను ఖతీజాబీ గారు ఇష్టపడి ఇచ్చారు. నాగేశ్వరమ్మ గారి మేకలు ఆరూ క్షేమం. నిన్న ఫాదర్ గారు మెచ్చుకుంటే కాదనలేదు, అదింకో తప్పు. తోబీతు గారంటే చూపు లేక అలా అన్నారు. నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషిని తెలుసుకోవడానికి నాకు కళ్ళెందుకండీ? ఇవాళ్టి దంపతుల మాట నాకే. టికెట్టు ఉన్న మనిషిని, ఎక్కినప్పటినుంచీ సరిగ్గా కూర్చున్న మనిషిని, లేపి టికెట్టు చూపించమన్నాను. ప్రేమా, క్షమించు."

"అది వీడియో అండీ" అన్నారు వెనక నుంచి ప్రేమావతి గారు.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎప్పుడొచ్చావు?"

"నాగేశ్వరమ్మ మేకలు క్షేమం అన్నప్పుడు. ఇందులో మీ చెవి ఒక్కటే కనపడుతోంది. ఆ పక్కన మేకపిల్ల మీ తువ్వాలు తింటోంది."

"అయ్యో! తీసేద్దామా?"

ఆమె తల పక్కకు వంచి ఇంకోసారి చూశారు. పెదవి బిగబట్టారు కానీ ఆగలేదు, నవ్వేశారు. నవ్వుతూనే బాణం గుర్తు నొక్కారు. "ఉండనివ్వండి. చెవి బాగానే ఉంది."

తువ్వాలు లాక్కుని, దాని బదులు మేకపిల్లకు నాలుగు రెమ్మలు వేసి, పుస్తకం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు.

"తోబీతు గారికి చూపు ఎప్పుడొస్తుంది ప్రేమా?" అని అడిగారాయన, గొంతు బాగా తగ్గించి.

"శుక్రవారం పఠనంలో. మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళేదీ శుక్రవారమే."

"మరి ఆదివారం?"

"తల పైకెత్తండి, చుక్కలు వెయ్యాలి."

శుక్రవారం డాక్టరు నల్లద్దాలు తీసేయించాడు. కుడి కన్ను చక్కగా కనపడుతోంది, ఇక ఎవరి సాయమూ అక్కర్లేదన్నాడు. వినగానే కృపానందం గారు దిగులుపడ్డారు. కళ్ళొచ్చినందుకు దిగులుపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆదివారం రెండో పూజ అయ్యాక, ఎనిమిది జంటలు గుడి హాల్లో వెనక బల్లల్లో సర్దుకున్నాయి. మేమూ కొంతమందిమి కిటికీల దగ్గర చేరాం. అప్పుడు గేటులోంచి వచ్చారు ఇద్దరూ. ప్రేమావతి గారు నీలం అంచు చీర కట్టుకుని, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని నడుస్తున్నారు.

ప్రభుదాసు ఊరుకుంటాడా? "కళ్ళొచ్చాయిగా అక్కా, ఇంకా చెయ్యెందుకు?"

"ఆయనకోసం కాదు తమ్ముడూ, నాకోసం. కొత్త చెప్పులు, జారుతున్నాయి."

మేమందరం ఆమె కాళ్ళకేసి చూశాం. అవి రోజూ వేసుకునే పాత చెప్పులే.

ఫాదర్ గారు పరిచయం చేశారు. కృపానందం గారు లేచి జేబులు తడుముకున్నారు. రెండు రోజులు కష్టపడి పెద్ద అక్షరాల్లో రాసుకున్న కాగితం సగమే దొరికింది. అంచు మీద చిన్న చిన్న పళ్ళ గుర్తులు. ఆయన భార్య వైపు చూసి, సగం కాగితం ఆమె చేతికిచ్చి కూర్చున్నారు.

ఆరేళ్ళుగా రానన్న మనిషి లేచి నిలబడ్డారు. కొంగు సర్దుకున్నారు. వెనక బల్లల్లో ముడుచుకు కూర్చున్న ఎనిమిది జంటలనూ చూశారు.

"కాస్త ముందుకు జరగండి" అన్నారు ప్రేమావతి గారు. "లోపల ఖాళీ ఉంది."