పగకు పెంచిన గడ్డం

మీరు చివరిసారి కళ్లు మూసుకుని ఒకరిని నమ్మింది ఎప్పుడు? దేవుణ్ణి కాదు, మనిషిని.

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, దర్శి దగ్గర మా ఊళ్లో మా తాతయ్య గడ్డం పెంచాడు. భక్తికి కాదు, పగకి. మిరప చేనుకు తడి పెట్టే వంతు దగ్గర మాటామాటా పెరిగి, పక్క చేను కుర్రాడు పారతో కొట్టిన దెబ్బకు మా బాబాయి చనిపోయాడు. ఆ కుర్రాడు మా ఇంట్లో అన్నం తిని పెరిగినవాడే, తాతయ్యను నోరారా పెదనాన్నా అని పిలిచినవాడే. వాడు జైలుకు పోయాడు. వాడి చావు చూసేదాకా గడ్డం తీయనని తాతయ్య ఒట్టు పెట్టుకున్నాడు. అలాంటి ఒట్టున్న గడ్డాన్ని మా వైపు ఏ మంగలీ ముట్టుకోడు.

మాది క్రైస్తవ కుటుంబం. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు తాతయ్య లేచి బయటికి వెళ్లిపోయేవాడు. పగ పట్టిన చేత్తో అవి అందుకోకూడదని ఆయన నమ్మకం.

క్రిస్మస్ ముందు ఓ ఆదివారం మా చర్చివాళ్లు వాడున్న జైల్లో ఆరాధన జరపడానికి బయల్దేరారు. తాతయ్య నేనూ వస్తానన్నాడు. నాయనమ్మ ఆయన సంచీ, పంచె మడతలు అన్నీ తడిమి చూసింది. కత్తి దొరకలేదు. అయినా మనసు కుదుటపడక నన్ను వెంట పంపింది. పిల్ల పక్కనుంటే చెయ్యి లేవదని ఆవిడ ఆశ.

జైలు ఆవరణలో వేపచెట్టు కింద, పండగ వస్తోంది కదా, ఖైదీలకు క్షవరం జరుగుతోంది. కత్తి పట్టుకుని కూర్చున్నది వాడే. లోపల ఆ పనే నేర్పారట. పాస్టరుగారు క్షమ గురించి ప్రసంగం మొదలుపెట్టారు. తాతయ్య అది వినలేదు. నా చెయ్యి వదిలేసి, నేరుగా వెళ్లి వాడి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"గీయి" అన్నాడు.

"నావల్ల కాదు పెదనాన్నా."

"ఏరా, ఇంతమందికి గీశావు, నాకు గీయడానికేం రోగం?"

వార్డరు పరుగున వచ్చాడు. తాతయ్య చేత్తోనే ఆయన్ని ఆగమన్నాడు. వాడు ఏడుస్తూనే సబ్బు నురగ రాశాడు.

"చెయ్యి వణికితే తెగుద్దిరా. నిదానంగా కానీయ్, నాకేం తొందర లేదు."

తల వెనక్కి వాల్చి, గొంతు చాపి, కళ్లు మూసుకున్నాడు.

ప్రసంగం ఆగిపోయింది. కత్తి గొంతు మీద గరగరమంటూ కదులుతున్న చప్పుడు ఆవరణంతా వినిపించింది. ఖైదీలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చివరికి ఒక ముసలి ఖైదీ తట్టుకోలేక, "ఒరేయ్, మీసం ఉంచరా, పెద్దాయనకి అదే అందం!" అని అరిచాడు. అందరూ నవ్వారు. కళ్లు తెరవకుండానే తాతయ్యా నవ్వాడు.

ఆ రోజు రొట్టె పంచినప్పుడు ఆయన లేచి వెళ్లలేదు. తన ముక్కను తుంచి సగం వాడికి పెట్టాడు. క్షమించాననే మాట మాత్రం అనలేదు. ఆ తర్వాతా ఎన్నడూ అనలేదు.

పెద్దయ్యాక నేను వేదికలెక్కి దేవుడు లేడని వాదించాను, ఇప్పటికీ వాదిస్తాను. కళ్లు మూసుకుని నమ్మేవాళ్లను ప్రశ్నలతో నిలదీశాను. కానీ ఆ పీట మీద మూసుకున్న కళ్లను మాత్రం నిలదీయలేకపోయాను. అడిగితే తాతయ్య అదంతా తన ప్రభువు మహిమ అనేవాడు. నేను చూసింది ఒక గొంతు, ఒక కత్తి, మధ్యలో ఇద్దరు మనుషులు.

మీ పగ ఎవరి మీదో మీకు తెలుసు. ఆ మనిషి ఎక్కడున్నాడో కూడా తెలుసు. వెళ్లండి. జైల్లో ఉంటే ములాఖత్ అడగండి, ఊళ్లో ఉంటే తలుపు తట్టండి. క్షమించానని ఉపన్యాసం ఇవ్వకండి. అతని చేతనైన పని ఒకటి చేసిపెట్టమని అడిగి, ఎదురుగా కూర్చోండి.