కండెకు చుట్టిన తీగ

ఒక మనిషి పని పోగొట్టి, ఆ తప్పును నాలుగేళ్లుగా లోపల మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడో తరగతితో బడి మానేసిన చేయి, రాయడం కష్టమే. అయినా మీకు చెప్పాలి.

వరంగల్‌లో మా మగ్గాల వాడకు నెట్ వచ్చినప్పుడు మా గోడకు ఒక డబ్బా బిగించారు. ఆరిళ్లకు అక్కడి నుంచే పోతుంది. డబ్బా పక్కన సన్నని తీగను పెద్ద పెద్ద చుట్లుగా వదిలేశారు. యాభై ఏళ్లు నూలు చుట్టినదాన్ని. వదులుగా వేలాడే పోగును చూస్తే నాకు ఒళ్లు మంట. నూలు చుట్టే పాత కండె తెచ్చి, ఆ తీగను దానికి గట్టిగా చుట్టేశాను.

ఆ పూటే ఆరిళ్లలో నెట్ పోయింది. తీగల పనిచేసే యాకూబ్ వచ్చాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. తీగ విప్పి, పరీక్ష కోసం కొస ఊడదీశాడు. లోపల ఏముందోనని నేను కన్ను పెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు.

“అవ్వా, అండ్ల కన్ను పెట్టకు. వెలుగు కనవడది గని కన్ను ఖరాబైతది. ఇగ గట్టిగ చుట్టకు. లోపల అద్దం పోగుంటది, మలుపు కాడ వెలుగు బయటికి పోతది. నీ కండె నీ మగ్గానికే ఉంచుకో.”

కోడలు నవ్వింది. ఆ నవ్వు గుచ్చుకుంది. నా కన్ను కాపాడాడన్నది తలకెక్కలేదు. నాకు చుట్టడం నేర్పుతాడా?

అతను గల్లీ దాటగానే మళ్లీ చుట్టాను. నెట్ పోయేది, ఫిర్యాదు వెళ్లేది. అతని బండి చప్పుడు వినగానే విప్పేసేదాన్ని. ఇలా మూడుసార్లు. తప్పు దొరక్క, ఎండలో స్తంభమెక్కి, బాగున్న అతుకులనే కోసి మళ్లీ అతికాడు. గడపలో కూర్చుని చూశాను. మొదటిసారి తెలియక చేశాననుకోవచ్చు, కానీ తెలిసీ, మనిషి చెమటలు కారుస్తుంటే చూసీ, చేతిలో కండె దాచుకుని కూర్చున్నదాన్ని ఏమనాలి?

చివరికి అతని పైఅధికారి వచ్చాడు. “తీగను ఎవరన్న ముట్టుకున్నరా అమ్మా?”

యాకూబ్ నా వైపే చూస్తున్నాడు.

“మాకేం పని సారూ. ఆయనకే అతుకుడు వస్తలేదు” అన్నాను.

తర్వాతి వారం కొత్త మనిషి వచ్చాడు. నేను భయపడి చుట్టడం మానేశాను. నెట్ నిలకడగా వచ్చింది. పాతవాడికి పని రాదని వాడలో అందరూ అన్నారు. నేనూ తలూపాను.

యాకూబ్ కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడట. వెళ్లి చెప్పినా పోయిన పని రాదు కదా అనుకుంటాను. అది సాకని తెలుసు. బస్సు మాత్రం ఎక్కలేదు.

అతనికి పని వచ్చు. తీగ చుట్టింది నేను. ఇంత చిన్న మాట కాగితం మీద పెట్టడానికి నాలుగేళ్లు పట్టింది.