వెనక సీట్లో పిన్ని

మా పిన్నికి స్టీరింగు పట్టుకోవడం రాదు. వ్యాన్ ఎక్కితే కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునే మనిషి. అయినా ఇవాళ మా ఆవిడా పిల్లలూ నేనూ నిక్షేపంగా ఉన్నామంటే అది పిన్ని చలవే. ఈ మాట ఎవరైనా కాదంటే నాకు ఒళ్లు మండుతుంది.

బాబాయిది మెకానిక్ షెడ్డు. వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ ఎందుకు మోగుతోందో చెప్పడంలో ఆయన దిట్ట. బండెక్కి, చెప్పులు విడిచి, పాదాలు నేలకి ఆనించి, "వేగం పెంచు", "ఇప్పుడు వదిలెయ్" అంటూ వినేవాడు. ఒక్క మర కూడా విప్పకముందే జబ్బేమిటో చెప్పేసేవాడు. కానీ ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల పక్కన బతికిన చెవులు మెల్లగా మొరాయించాయి. ఆ సంగతి పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. షెడ్డుకొచ్చినవాళ్లు మెల్లగా మాట్లాడితే ఆవిడ టీ గ్లాసులతో మధ్యలో దూరి, అదే మాట గట్టిగా అనేది. అన్నింట్లో తలదూర్చే అలవాటు కాబోలని మేమంతా నవ్వుకునేవాళ్లం.

నేను ఆస్పత్రి నర్సుల్ని కొండదారిలో తీసుకెళ్లే వ్యాన్ నడుపుతాను. దాని వెనకనుంచి గుర్రుమని మోత మొదలైంది. బాబాయి ఎక్కి విని, డిఫరెన్షియల్‌లో గేర్ల పళ్లు అరిగాయన్నాడు. మొత్తం విప్పాడు. చూస్తే పళ్లన్నీ తళతళలాడుతున్నాయి. మళ్లీ బిగించి నడిపితే మోత అలాగే ఉంది.

బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు సరిగ్గా వినపడట్లేదురా. మోత ఉందని తెలుస్తోంది గానీ, పెరుగుతోందో తగ్గుతోందో పట్టుకోలేకపోతున్నాను. ఇలాగే ఉంటే ఎవరి ప్రాణమో తీస్తాను. షెడ్డు మూసేస్తా."

పిన్ని గ్లాసులు పక్కన పెట్టింది.

"పదండి, నేను వింటాను."

"నీకేం తెలుసే వీటి గురించి?"

"తెలియడం మీకుందిగా. వినపడటం నాకుంది. లేవండి ముందు."

ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. వ్యాన్ కదలగానే పిన్ని ఆ మోతని నోటితో తియ్యడం మొదలుపెట్టింది. ఆయన చెవి దగ్గర నోరుపెట్టి "గుర్ర్ర్" అని ఒకటే గోల. మోత పెరిగితే గొంతు పెంచుతోంది, తగ్గితే తగ్గిస్తోంది. రోడ్డు మీద జనం నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. ఆవిడ వాళ్లని పట్టించుకుంటేగా!

"వేగం వదిలెయ్" అన్నాడు బాబాయి. వదిలాను. పిన్ని గొంతు మారలేదు గానీ, అద్దంలో ఆయన మొహం మారింది.

"ఎడమకి తిప్పు." పిన్ని పులిలా గాండ్రించింది.

"కుడికి." దాదాపు ఊరుకుంది.

"ఆపరా! వేగం వదిలినా మోత మారలేదంటే డిఫరెన్షియల్ కాదు. ఎడమకి తిరిగితే బరువంతా కుడి చక్రం మీద పడుతుంది. పోయింది ఆ చక్రం బేరింగు!"

షెడ్డుకొచ్చి విప్పితే బేరింగు ముక్కలు ముక్కలుగా చేతిలోకి రాలింది. ఇరుసు ఊడిరావడానికి సిద్ధంగా ఉంది. మర్నాడు సెలవు కదాని మా ఆవిణ్నీ పిల్లల్నీ అదే వ్యాన్‌లో కొండమీదికి తీసుకెళ్దామనుకున్నాను. ఏ మలుపులో చక్రం ఊడేదో! పిన్ని చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

"ఛ, ఊరుకో. నేను చేసిందేముంది, అరిచాను, అంతే" అంది.

కొత్త బేరింగు బిగిస్తుండగానే ఒక లారీ డ్రైవరు వచ్చి, వెనకెక్కడో ఈల వేస్తున్నట్టుందని గొణిగాడు. ఆ మాట అందించడానికి పిన్ని ఎప్పటిలాగే మధ్యలోకి రాబోయింది. బాబాయి చేత్తో ఆపాడు.

"నాకు చెవులు పాడయ్యాయి బాబూ. మా ఆవిడ విని చెబుతుంది, నేను బాగుచేస్తాను. ఇష్టమైతే ఇద్దర్నీ ఎక్కించుకో" అన్నాడు, షెడ్డంతా వినబడేలా.

డ్రైవరు పిన్నిని ఎగాదిగా చూశాడు. వెళ్లి తన పక్క సీటు దులిపి, తలుపు తీసి పట్టుకున్నాడు. పిన్ని కళ్లు తుడుచుకుంటూ ఎక్కింది.