అమ్మ దగ్గరికి ఇరవై మాటలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో క్రిస్మస్ వెళ్లిందంటే సగం ఇళ్లకు తాళాలు పడేవి. మాది దర్శి పక్కన మెట్ట ఊరు. వాన పడితే పంట, లేకపోతే పస్తు. అందుకని కూలిజనమంతా ముఠాలు కట్టి గుంటూరు వైపు మిరపకోతలకు పోయేవాళ్లు, ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం నాటికి తిరిగొచ్చేవాళ్లు. నాన్న నేను పుట్టిన ఏడే పోయాడు. అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి, చాప చుట్ట నెత్తిన పెట్టుకుని ముఠాతో వెళ్లిపోయేది.

నాకు పదేళ్లు వచ్చిన ఏడు ఎందుకో బెంగ ఆగలేదు. ఒక రోజు మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి, పలక సంచీతో బస్సు ఆగేచోట నిలబడ్డాను. మా చర్చి బడి టీచరమ్మ వెతుక్కుంటూ వచ్చి ఎక్కడికే అని అడిగారు. అమ్మ దగ్గరికండి అన్నాను. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ మారాలో అడిగారు. నాకు తెలిసిందల్లా గుంటూరు అనే పేరొక్కటే. ఆవిడ కొట్టలేదు, బుజ్జగించనూ లేదు.

"ఇంగ్లీషు పుస్తకంలో ప్రయాణాల పాఠం ఉంది. అందులో ఇరవై మాటలున్నాయి. రోజుకొకటి నేర్చుకో. ఇరవై వచ్చిన రోజున నేనే తీసుకెళ్తా" అన్నారు.

ముఠా ఏ చేలో ఉందో అమ్మమ్మను అడిగి తెలుసుకుని, ప్రతి మాటకూ ఆవిడ అమ్మ వెళ్లిన దారితోనే అర్థం చెప్పారు. రూట్ అంటే మా గడప నుంచి అమ్మ ఉన్న చేను దాకా. జంక్షన్ అంటే బస్సు మారాల్సిన అద్దంకి. లగేజీ అంటే అమ్మ మోసుకెళ్లిన చాప, సత్తు గిన్నెలు. ప్యాసింజర్ అంటే నేను. డిస్టెన్స్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ పూట ఇంక పాఠం చెప్పలేదు.

ఆవిడ ఎత్తు నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఇరవై రోజులు గడిస్తే మట్టల ఆదివారం దగ్గరపడుతుంది, అమ్మే వచ్చేస్తుంది. పాపం, ఆవిడ లెక్క తప్పింది. బెంగ పెట్టుకున్న పిల్ల రోజుకో మాటతో ఆగుతుందా? గేదెను తోలుకెళ్తూ, నీళ్లు మోస్తూ వల్లించి ఆరు రోజుల్లో ఇరవై మాటలూ అప్పజెప్పాను. పిల్లకిచ్చిన మాటే కదా అని ఆవిడ తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. ఆ శనివారమే బస్సెక్కించారు.

దారంతా నన్నే ముందు నడవమన్నారు. అద్దంకిలో బస్సు నేనే కనుక్కున్నాను. చిలకలూరిపేట ఎప్పుడొస్తుందని అడగాల్సింది, గొప్పకు పోయి కండక్టరును అరైవల్ ఎప్పుడండీ అన్నాను. "రైలెక్కాననుకున్నావా ఏందమ్మా?" అన్నాడాయన. బస్సంతా నవ్వింది. టీచరమ్మ మాత్రం నవ్వకుండా నా వీపు తట్టారు.

పేటలో దిగి రెండు మైళ్లు నడిస్తే చేను. ఎర్రటి కాయల మధ్య అమ్మ వంగి ఉంది. నన్ను చూసి ఒళ్లో కాయలన్నీ జారవిడిచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"దగ్గరికి రామాక తల్లీ, చేతులనిండా కారం, నీకు మంట."

నేను వినలేదు, వెళ్లి నడుం చుట్టుకున్నాను. అమ్మ చేతులు రెండూ పైకెత్తేసి, వంగి నా నెత్తిమీద చెంప ఆనించింది. అంత దారి వచ్చి అమ్మ చేత్తో ముట్టించుకోలేకపోయాను.

సాయంత్రం బస్సుకు వెళ్లాలి. ఏం నేర్చుకున్నావే అని అమ్మ అడిగితే చేలోనే నిలబడి ఇరవై మాటలూ చెప్పాను. ముఠా ఆడవాళ్లంతా కోత ఆపి విన్నారు. ఆఖరిది రిటర్న్. అంటే ఏంటని అడిగింది అమ్మ. తిరిగి రావడం అని చెప్తూ ఏడ్చేశాను. "అయితే ఆ ఒక్కటి నాకూ నేర్పిపో" అంది. మేము గట్టు దాటేదాకా రిటన్ను, రిటన్ను అని వెనకనుంచి అంటూనే ఉంది. అన్నట్టే మట్టల ఆదివారం ముందు రోజు వచ్చింది.

ఆనాటి నుంచి నాకొక అలవాటు. మా ఇంట్లో ఎవరు బయల్దేరినా ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ మారతారు, ఎప్పుడొస్తారు అని అడిగి తెలుసుకుంటాను. పిల్లలు విసుక్కుంటారు. దారి తెలిస్తే బెంగ సగం తగ్గుతుందని వాళ్లకేం తెలుసు?

అమ్మ పోయిన రోజు సమాధి దగ్గర పాస్టరుగారు మళ్లీ కలుసుకుంటామని చెప్పారు. నేను నమ్ముతాను. కానీ ఆ దారిలో ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ బెంగ మాత్రం సగం కూడా తగ్గడం లేదు.