ఆవిడగారి డాక్టరు

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉండే రోజుల్లో ఒకసారి పాపనెత్తుకుని విజయనగరం బస్సెక్కాను. పాప ఒకటే దగ్గు. పక్కసీట్లో పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఒకావిడ, "డాక్టరుకి సూపించారేటమ్మా?" అని అడిగింది.

"చూపించాను. వెళ్ళినప్పుడల్లా కొత్త డాక్టరే. తలెత్తకుండా మందు రాసేస్తారు."

"మా ఆనందపురం డాక్టరుగారైతే ముందు నన్నే అడుగుతారు, 'ఏటమ్మా, నీకేటనిపిస్తంది?' అని. తల్లికి తెల్దేటి?" అంది మామూలుగా.

పక్కింట్లో కొత్త ఫ్రిజ్ దిగినప్పుడు కూడా పుట్టని కుళ్ళు ఆ మాటకి పుట్టింది. నా కడుపున పుట్టిన పిల్ల గురించి నన్నెవరూ అలా అడగలేదు. ఇంక ఆవిడ మొహం చూడలేక కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

ఆనందపురంలో ఆవిడ దిగింది. విజయనగరం దాకా టికెట్టున్నా, పాపని భుజాన వేసుకుని నేనూ ఆవిడ వెనకే దిగిపోయాను.